పేరు చెప్పి లోపలికి రా

నమోదు 1. రాస్తున్నది: భార్య

రోజూ జరిగినది జరిగినట్టు రాయమని కొండకచేరి వాళ్లు ఈ పలక ఇచ్చి వెళ్లారు. రాస్తాను. చదివాక మీకు నచ్చకపోతే నేనేం చెయ్యలేను.

తెల్లవారగానే మంచు వలల దగ్గరికి వెళ్లాం. రాత్రంతా కొండ మీద పారాడిన పొగమంచు ఆ వలలకు పట్టి, నీళ్లై, కింద గొట్టంలోకి దిగుతుంది. కొండను మెట్లుగా చెక్కి ఇళ్లు కట్టారు, మాది ఆరోమెట్టు. ఇక్కడ తాగడానికీ వండుకోవడానికీ అవే నీళ్లు. నేను గొట్టాలు తుడుస్తుంటే మా ఆయన వలంతా తడిమి చూశాడు.

"ఒక్క సేపా పడలేదేటే? రాత్రి వల ఎవుడేసినాడు?"

"నానే ఏసినాను మావా."

"అందుకే పడలేదు."

సముద్రం మా ఊరిని మింగక ముందు ఆయన పడవ నడిపిన సరంగు. ఆ తరవాత అందరితో పాటు మేమూ కొండెక్కాం. ఇప్పుడు ఆయనకు కొండ గుర్తు లేదు, ఊరు మునిగిన సంగతి గుర్తు లేదు. నన్ను తీసిపారెయ్యడం మాత్రం గుర్తుంది. అల్జీమర్స్ అని మీ డాక్టరే పేరు పెట్టాడు. చంద్రుడి మీద గోధుమలు పండిస్తున్నారట, దీనికి మాత్రం మందు రాలేదు.

మీకు తెలిసిన సంగతే అయినా ఇంకోటి రాస్తాను, నా కడుపుమంటంతా అక్కడే ఉంది కాబట్టి. మతి తప్పినవాళ్లు తమ మనిషిని గుర్తుపడితేనే ఇంట్లో ఉండాలి. గుర్తుపట్టకపోతే ఎగువింటికి పంపాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతుల్లో భయపడుతూ బతక్కూడదని ఈ చట్టం చేశారట. ఉద్దేశం మంచిదే. రుతువుకోసారి ఆఫీసరు వచ్చి అడుగుతారు, వరసగా రెండుసార్లు తప్పితే తీగ మీద కొండెక్కే తీగబండి ఎక్కిస్తారు. ఎగువింట్లో అరుపులూ ఏడుపులూ ఉండవు, మందిచ్చి పడుకోబెడతారు. ముసలిదాన్ని అయ్యేదాకా ఆ తీగబండి నడిపింది నేనే. ఎంతోమందిని పైకి చేర్చాను. వాళ్లలో ఒక్కరినీ మళ్లీ కిందికి తేలేదు.

మొన్నటి వానల్లో మా ఆయన ఒకసారి తప్పాడు. తప్పాడని మీరు రాసుకున్నారు. రేవతి అనే ఆఫీసరమ్మ నన్ను చూపించి "ఈమె ఎవరు?" అంటే "మా యింటిది" అన్నాడు. "పేరు?" అంటే నవ్వాడు.

"ఆడదాని పేరు నలుగురి ముందూ ఏల సెప్తాను? నీకు సిగ్గు లేదేటమ్మా?"

మా వాళ్లలో మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు. పెళ్లాం మొగుడి పేరు అసలే ఎత్తదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను "ఒలే" అన్నాడు, "ఇదిగో" అన్నాడు, కోపం వస్తే ఇక్కడ రాయలేని మాటలూ అన్నాడు. కొర్లమ్మా అని మాత్రం అనలేదు. ఆ సంగతి చెబితే ఆఫీసరమ్మ, "నాకు అర్థమైందమ్మా, కానీ నిబంధనలో పేరు అని ఉంది" అంది. అర్థం కానివాళ్లతో పోట్లాడొచ్చు. అర్థమయ్యాక కూడా తప్పని కొట్టేసేవాళ్లతో ఏం పోట్లాడతాం?

చలికాలం ఆఖర్లో మళ్లీ వస్తుంది. ఆ లోపల ఆయన నోట నా పేరు పలకాలి. దానికోసం తోడు యంత్రం ఒకటి పంపిస్తామన్నారు.

నమోదు 3

యంత్రం దిగింది. నా భుజాల ఎత్తు ఉంది. కింద చక్రాలు, పక్కల రెండు మెత్తటి చేతులు, తల ఉండాల్సిన చోట స్టీలు బిందె బోర్లించినట్టు గుండ్రటి డబ్బా. ముఖం లేదు. గొంతు మాత్రం ఆడగొంతు, పాకం పట్టినట్టు తియ్యగా ఉంది. దాని పేరేదో అట్టపెట్టె మీద బారుగా రాశారు. నేను బిందె అంటున్నాను.

మొదటి తంటా గుమ్మంలోనే వచ్చింది. గాలివాన నీళ్లు లోపలికి రాకుండా మా మెట్టు మీద గడపలు జానెడు ఎత్తు కట్టారు. దాని చక్రాలు గడప దాటలేవు. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఎవరో ఒకరు వెనక నుంచి ఎత్తి పట్టాలి. చంద్రుడి దాకా పోయినవాళ్లకు గడప సంగతి తట్టలేదు. ఎవరో ఒకరంటే ఈ ఇంట్లో నేనే కదా, ఎత్తి పట్టాను. చచ్చేంత బరువుంది.

కుదురుకోగానే పాఠం మొదలుపెట్టింది.

"మీ భార్య పేరు కొర్లమ్మ. మీ భార్య పేరు ఏమిటి?"

"నీకెందుకు?" అన్నాడు మా ఆయన.

"చాలా బాగా ప్రయత్నించారు. మీ భార్య పేరు కొర్లమ్మ. మీ భార్య పేరు ఏమిటి?"

"ఒలే, ఈ మనిసెవుతో మనింట్లో దూరి నీ పేరడుగుతంది. పొమ్మను."

బిందెకు విసుగు లేదు. నాకు చాలా ఉంది. సాయంత్రానికి నా పేరు నాకే వెగటు పుట్టింది.

నమోదు 6

స్నానం గురించి రాయమన్నారు. సరే.

ఆయన్ను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లడం నాకు రోజూ యుద్ధమే. చొక్కా విప్పబోతే "నా ఇంజిను తాళం కొట్టీడానికి ఒచ్చినావు" అని చెయ్యి గిల్లేస్తాడు. ఆ పడవా లేదు, ఆ ఇంజినూ లేదు. లేని తాళం కోసం నా చేతుల నిండా గోటిగాట్లు. సముద్రంలో బతికినవాడు చెంబెడు నీళ్లకు వణికిపోతాడు. నేను అరుస్తాను. అరవకూడదని మీ పుస్తకంలో ఉంది, చదివాను. చదివినా అరుస్తాను.

ఈరోజు బిందె వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, "నీళ్లు వెచ్చగా ఉన్నాయి. తొందరేమీ లేదు" అంది. కిమ్మనకుండా వెళ్లి పీట మీద కూర్చున్నాడు. వీపు రుద్దుతుంటే కళ్లు మూసుకున్నాడు కూడా. నేను గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఒళ్లు మండింది. ఆ తరవాత పట్టపగలే పడుకుని నిద్రపోయాను, ఎన్నాళ్లకో. లేచాక ఒంట్లో హాయిగా ఉంది, ఆ హాయి మీద కూడా కోపం వచ్చింది.

నా పేరు ఇంకా పలకలేదు.

నమోదు 9

తీగబండి రోజు కాబట్టి మా ఆడపడుచు సత్తెమ్మ మూడోమెట్టు నుంచి వచ్చింది. ఆయనకు ఒక్కతే చెల్లెలు. ఆమె మొగుడు మునక కంటే ముందే వేటకు వెళ్లి తిరిగి రాలేదు. చెరువుల్లో పెంచే చేపలాంటిది తెచ్చి పులుసు పెట్టింది. చేప కాదు, చేపలాంటిదే. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని "వంజరమేనా ఇది?" అని అనుమానంగా అడిగాడు. "వంజరమే అన్నియ్యా" అని నిలువునా అబద్ధమాడింది.

పరీక్ష సంగతి చెబితే సత్తెమ్మ చేతులు కడుక్కుంటూ ఆగిపోయింది.

"పేరు సెప్పకేం వదినా, ఒకపాలి సెప్పినాడు కదా. నీకు గేపకం లేదేటి? గడప కాడ."

గుర్తొచ్చింది. పెళ్లయ్యాక కొత్తకోడలు ఇంటికి వచ్చినప్పుడు ఆడపడుచు గడపకు అడ్డం నిలబడుతుంది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తుంది. ఆ రోజు ఆయన తల వంచుకుని నా పేరు గొణిగాడు. నేనైతే సిగ్గుతో చచ్చిపోయి ఎంతకీ చెప్పలేదు. చివరికి సత్తెమ్మ చెవిలో ఊదితే, వినబడలేదని ఇంకాసేపు నిలబెట్టింది ముండ.

"ఇప్పుడు నిలబెట్టి సూద్దాం," అంది సత్తెమ్మ.

ఆయన్ను వలల దగ్గరి నుంచి నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. సత్తెమ్మ కొంగు బిగించి, గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"పేరు సెప్పి లోనికి రా అన్నియ్యా. నేపోతే అరుగు మీదే పడుకో."

ఆయన ఆగాడు. గడప వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. ముసలి ముఖం ఎర్రబడింది, నిజం. కాలి బొటనవేలితో నేల రాశాడు.

"తప్పదేటి సత్తీ?"

"తప్పదు."

"నాను, మా యింటిది కొర్లమ్మ, ఒచ్చాం. తప్పుకో."

నేను ఏడ్చేశాను. సత్తెమ్మా ఏడ్చింది. ఆయన మమ్మల్నిద్దరినీ వింతగా చూసి, లోపలికి పోయి పులుసు అడిగాడు. బిందె "చాలా బాగా ప్రయత్నించారు" అంది. ఆ ఒక్కరోజు దాన్ని క్షమించాను.

నమోదు 10

రోజూ ఇదే చెయ్యాలని నిశ్చయించుకున్నాం. అలవాటైపోతే ఆఫీసరమ్మ ముందు కూడా చెబుతాడు. కానీ సత్తెమ్మ రోజూ రాలేదు, ఆమె మోకాళ్లు ఎప్పుడో చెడ్డాయి. గడప దగ్గర ఎవరు నిలబడాలి?

బిందెను నిలబెట్టబోయాను. రోగి దారికి అడ్డం నిలవడం దాని నిబంధనల్లో లేదట, పక్కకు జరిగి "దయచేసి లోపలికి రండి" అంటుంది. పైగా మెట్టు అంచు జారుడు కాబట్టి బయట ఆయన మణికట్టు అది వదలకూడదట. అయితే అదే ఆయన్ను తీసుకురావాలి, నేనే అడ్డం నిలబడాలి. మిగిలింది అదొక్కటే దారి.

పొద్దున్న వలల పని ముగించుకుని ముందుగా ఇంటికి వచ్చాను. సత్తెమ్మలాగే కొంగు బిగించాను. బిందె చెయ్యి పట్టుకుని ఆయన వచ్చాడు.

"పేరు సెప్పి లోనికి రా" అన్నాను.

సిగ్గుపడ్డాడు. "నాను, మా యింటిది కొర్లమ్మ, ఒచ్చాం" అన్నాడు.

ఆయన లోపలికి వెళ్లాక బిందెను వెనక నుంచి ఎత్తి గడప దాటించాను. ఈరోజు బరువనిపించలేదు.

నమోదు 17

రోజూ చెబుతున్నాడు. ఒక్కరోజు తప్పలేదు. మధ్యాహ్నం బిందె అడిగినా చెబుతున్నాడు. నా పేరు ఆయన గొంతులో ఎలా ఉంటుందో ఇన్నేళ్లకు విన్నాను. చెవులారా వింటున్నాను. పడుచుపిల్లలా మురిసిపోతున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా మీరు జరిగినది రాయమన్నారు.

పని కూడా కుదురుకుంది. చిరిగిన మంచు వల ఒడిలో పెడితే చాలు, ఆయన చేతులు వాటంతట అవే ముడులు వేసుకుంటూ పోతాయి. ఆ ముడి మెట్టు మీద ఇంకెవరికీ రాదు. పక్కింటివాళ్లు కూడా తమ వలలు తెచ్చిస్తున్నారు. వంట దగ్గర నన్ను "సత్తీ, ఉప్పు తక్కువైంది" అన్నాడు. సత్తెమ్మ మొన్న వచ్చి వెళ్లింది కదా, ఆ పేరు నాలుక మీద ఉండిపోయిందనుకున్నాను. కంచంలో సగం ముద్ద పక్కకు పెట్టి "ఇంటిదానికి ఉంచు" అన్నాడు. నామీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందని నవ్వుకున్నాను. ఆ ముద్ద నేనే తిన్నాను.

నమోదు 22

ఈ రోజుది ఎలా రాయాలో తెలియడం లేదు.

సాయంత్రం చలిగాలి మొదలైతే తలుపు వేశాను. బిందె మూలన కూర్చుని కరెంటు ఎక్కించుకుంటోంది. దాని మీద మా పెళ్లినాటి ఎర్ర దుప్పటి కప్పి ఉంది. నేను కప్పలేదు. ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, గుసగుసగా అడిగాడు.

"సత్తీ, మీ వదినకి నా మీద కోపమేటి? సరింగా మాటాడదు."

"ఏ వదిన?"

"అదిగో, కూకుంది కదా. సలేస్తాదని దుప్పటి కప్పినాను."

"మరి నానెవుర్ని మావా?"

పగలబడి నవ్వాడు. "అన్నని పట్టుకుని మావా అంటావేటే? పిచ్చిగాని పట్టిందేటి నీకు?"

నవ్వి నవ్వి దగ్గొచ్చింది. మంచినీళ్లు ఇచ్చాను. తాగి నా తల నిమిరాడు, చెల్లెలి తల నిమిరినట్టు.

ఎక్కడ చెడిందో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. చెయ్యి పట్టుకుని పక్కన వచ్చేది పెళ్లికూతురు. గడపకు అడ్డం నిలబడేది ఆడపడుచు. ఆయన మతి చెడిందే గానీ అది మరిచిపోలేదు. రోజూ పొద్దున్నే నేనే కొంగు బిగించి నిలబడి, ఆయనకు నేను చెల్లెలినని నేర్పాను. నా పేరు తీసి దానికి పెట్టింది నేనే. పలికాడా లేదా అని ఆయన నోటినే చూశాను, చేతిలో ఎవరి చెయ్యి ఉందో చూడలేదు.

నమోదు 23

మీకు ఫోను చేసి యంత్రాన్ని తీసుకుపొమ్మన్నాను. పరీక్ష అయ్యేదాకా కదపకూడదన్నారు.

సత్తెమ్మను బతిమాలితే మోకాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. బిందెను వలల పాకలో పెట్టి తలుపు బిగించాను. సత్తెమ్మ గడపకు అడ్డం నిలబడింది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. విదిలించేశాడు.

"ఇదేటి, ఇద్దరు సత్తెమ్మలా? మా యింటిదేది?"

"అదే అన్నియ్యా, నీ పక్కనున్నాది. కొర్లమ్మ వదిన. సూడు," అంది సత్తెమ్మ.

నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కదల్లేదు. ఎక్కడో ఒక మూల ఉంటానేమో, దొరుకుతానేమో అని నేనూ ఆయన కళ్లలోకి చూశాను. భయపడ్డాడు. వెనక్కి అడుగులేశాడు.

"ఏటి సేసినారే దాన్ని? మా యింటిదాన్ని ఏటి సేసినారు?"

మధ్యాహ్నం ముద్ద ముట్టలేదు. సాయంత్రం దాకా ఇల్లంతా వెతికాడు, మంచం కింద, నీళ్ల తొట్టి వెనక. నేను పొయ్యి దగ్గర ఉండగా బయటికి పోయాడు. పరిగెత్తి వెళ్లేసరికి మెట్టు అంచున వంగి, కింద లోయలోకి "ఒలే! ఒలే!" అని అరుస్తున్నాడు. ఆ పిలుపు నాదే. ఎన్ని వందలసార్లు ఒడ్డు మీద నుంచి నన్ను అలా పిలిచాడో. వెనక నుంచి నడుం పట్టుకుని లాగితే నన్ను కొట్టాడు, మెడ మీద, చెవి మీద.

పాక తలుపు తీశాను. పాకకు గడప లేదు, బిందె తనే బయటికి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. ఊరుకున్నాడు. "ఏడకెళ్లినావే, సెప్పకుండా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. అది ఏం జవాబు చెప్పిందో నేను వినలేదు, ఆ చెవి అప్పటికి గుయ్యిమంటోంది.

ఆయన గడప దాటాడు. దాన్ని నేను దాటించాను.

నమోదు 26

ఆఫీసరమ్మ రేవతి ఈరోజు వచ్చింది. మీరు ఆమె రాసింది చదివే ఉంటారు. నేను రాసేది కూడా చదవండి.

నేను గుమ్మంలో మామూలుగా నిలబడ్డాను. అడ్డం నిలబడలేదు, ఏమీ అడగలేదు. వేరే ఏదైనా జరగాలని గంగమ్మతల్లికి మొక్కుకున్నాను. ఆయన బిందెతో నడిచి వచ్చి గడప ముందు తనంతట తానే ఆగాడు. అలవాటైపోయింది కదా.

"నాను, మా యింటిది కొర్లమ్మ, ఒచ్చాం" అన్నాడు, గర్వంగా, అందరికీ వినబడేలా. బిందె చెయ్యి పైకెత్తి చూపించాడు కూడా.

ఆఫీసరమ్మ నా వైపు తిరిగింది. "మరి ఈమె ఎవరు తాతా?"

"మా సెల్లి సత్తి. దీని మొగుడు సముద్రంలో పోనాడు పాపం. దిక్కు లేక నా కాడుంటాది."

ఎదురుగా నిలబడి ఆ మాట అన్నాడు. నా మెడలో పుస్తెలు ఉన్నాయి. ఆఫీసరమ్మ వాటి వైపు చూసి తల దించుకుంది.

ఆయన్ను లోపల కూర్చోబెట్టి, ఆమె అరుగు మీద నా పక్కన కూర్చుంది. మంచి పిల్లే. ఇలా చెప్పింది.

"అమ్మా, నాకు రెండే దారులున్నాయి. తప్పాడని రాస్తే రేపే తీగబండి. లేదా ఆయన చూపించినదాన్నే సంరక్షకురాలిగా రాయాలి. రెండోమెట్టు మీద అలా రాసినవాళ్లున్నారు. అప్పుడు ఆయన ఇక్కడే ఉంటాడు."

"మరి నేను?"

"గది ఆయనకూ సంరక్షకురాలికీ వస్తుంది. ఇంకొక్క బంధువు ఉండొచ్చు, ఆయన గుర్తుపట్టినవాళ్లయితే. భార్యగా మిమ్మల్ని గుర్తుపట్టలేదు. చెల్లెలిగా గుర్తుపట్టాడు. బంధువు అని రాస్తానమ్మా. ఎవరూ అభ్యంతరం పెట్టరు. కానీ ఇక మీదట ఆయనకు వేరే మాట చెప్పి కలవరపెట్టకూడదు."

"నా మొగుడింట్లో నేను చెల్లెలిగా పడుండాలన్నమాట."

"నాకూ ఇష్టం లేదమ్మా."

"నీ ఇష్టం ఎవుర్కి కావాల?" అన్నాను. అనకుండా ఉండాల్సింది, ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అన్నాను.

లోపల నుంచి ఆయన నవ్వు వినబడింది. బిందెకు ఏదో తుఫాను కథ చెబుతున్నాడు. పడవ తెరచాప చిరిగి, మూడు అలల అవతల ఒడ్డు మీద నేను లాంతరు ఊపుతుంటే, ఆ వెలుగు చూసి ఇంటికొచ్చిన కథ. "మా యింటిది ఊపింది" అనడం లేదు. "నువ్వే కదే ఊపినావు" అంటున్నాడు దానితో. బిందె "చాలా బాగా గుర్తుంచుకున్నారు" అంది.

మనిషి బతికుండి, కడుపు నిండి, ఇంట్లో నవ్వుతూ ఉండాలంటే ఇదే దారి. ఎగువింట్లో నవ్వరు.

"రాసెయ్యమ్మా," అన్నాను.

నమోదు 27. రాస్తున్నది: బంధువు

ఈరోజు గడప దగ్గర నిలబడకూడదనుకున్నాను. ఇక అవసరమేముంది, పరీక్ష అయిపోయింది. పొయ్యి ముట్టించి కూర్చున్నాను.

ఆయన వచ్చి గడప అవతల నిలబడిపోయాడు. లోపలికి రాడు. చలికి వణుకుతున్నాడు గానీ అడుగు వెయ్యడు.

"సత్తీ! ఏటి సేస్తన్నావు? ఒచ్చి అడ్డం నిలబడవేటి?"

వెళ్లాను. కొంగు బిగించాను. రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టాను.

"పేరు సెప్పి లోనికి రా... అన్నియ్యా."

చెప్పాడు. ఈసారి అంతటితో ఆగలేదు. బిందెను మోచేత్తో పొడిచాడు. "ఇప్పుడు నువ్వు సెప్పు. నీ వంతు."

ఆ ప్రశ్నకు బిందెలో జవాబు పెట్టి పంపలేదు మీరు. ఆయన మురిపెంగా నవ్వాడు.

"సిగ్గు దీనికి. ఆ రోజూ ఇలగే కదా, సెప్పనంటే సెప్పనంది. సత్తీ, మీ వదిన మంచిదే. ముందు ఒక మనిసుండేది ఇంట్లో, ఎప్పుడూ అరిసేది. ఇది అరవదు." తరవాత నా భుజం తట్టాడు. "పాపం సలికి నిలబడిపోయింది. దాని బదులు నువ్వే సెప్పీసి తప్పుకో."

మొగుడి పేరు నేను ఎప్పుడూ పైకి అనలేదు. ఆసుపత్రిలో అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేదాన్ని. ఆ రోజు గడప దగ్గర కూడా ఆడపడుచు చెవిలో ఊదానే తప్ప గొంతు విప్పలేదు.

"దానయ్య," అన్నాను.

"గట్టిగా."

"నాను, మా ఆయన దానయ్య, ఒచ్చాం."

ఆయన ముఖం విప్పారింది. ఒక్క క్షణం నా వైపు చూశాడు. చూసి, బిందె వైపు తిరిగి, "ఇన్నావా, నీ మొగుడి పేరు?" అన్నాడు.

నేను చేతులు దించి పక్కకు జరిగాను. ఆయన కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు. దాటి, వెనక్కి తిరిగి, "రావే" అని చెయ్యి చాపాడు. దాని చక్రాలు గడపకు తగిలి ఆగిపోయాయి.

నేను వెనక్కి వెళ్లి ఎత్తి పట్టాను.